నున్నటి రెక్క

మా మేనత్త చేప ఆడదో మగదో కోయకుండానే చెప్పేది. వానాకాలం మొదట్లో శీలావతి చేప పక్కరెక్కను బొటనవేలితో ఒకసారి రుద్దేది. గరుకుగా ఉంటే మగది, నున్నగా ఉంటే ఆడది. కడుపుతో ఉన్న కోడళ్ళకు జన, అంటే చేపగుడ్లు, వండిపెడితే మంచిదని మా వైపు నమ్మకం. అందుకని అరసవల్లి దారిలో ఆమె చేపల బుట్టను వెతుక్కుంటూ అత్తగార్లు వచ్చేవారు. ఆమె మాట అంటే మాటే.

స్మార్ట్‌ఫోన్లు మా ఊళ్ళోకి కొత్తగా వస్తున్న ఏడాది ఆ మాట పోయింది.

"జన ఉన్నాదని సెప్పి మగసేప అంటగట్టినావేటి?" అని ఒకావిడ అందరి ముందూ నిలదీసింది. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. నేనప్పుడు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. చదువుకున్నదాన్నన్న గీర ఒకటి ఉండేది. "సేతికి కాయలు కాసీసినాయత్తా, ఇంకేటి తెలుస్తాది?" అని నవ్వాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి సంగతి నాకెప్పుడూ ఆలస్యంగానే తెలుస్తుంది. అత్త మర్నాటి నుంచి ఎవరడిగినా, "నాకు తెల్దమ్మా, కోసి సూసుకో" అనేది. కొనేవాళ్ళు పక్క బుట్టకు పోయేవారు.

ఒకరోజు కాలేజీలో ప్రాక్టికల్ కోసం అత్త దగ్గర కొన్న శీలావతినే కోశాను. రెక్క నున్నగా ఉంది. లోపల చూస్తే మగది. ఆ కాలంలో తెల్లగా ఉబ్బి ఉండాల్సిన వృషణాలు నూలుపోగుల్లా సన్నబడి ఉన్నాయి. ఇంకో రెండు కోశాను. అవీ అంతే. కొన్ని రసాయనాలు చేప ఒంట్లో ఆడ హార్మోన్‌లా పనిచేసి, మగదాన్ని మగదిగా ఎదగనివ్వవని పిల్లలకు పాఠం చెప్పింది నేనే. అత్త చేపలు పట్టే చెరువులోకి గెడ్డ నీరు, అంటే వాగు నీరు, దిగుతుంది. ఆ గెడ్డకు ఎగువన రసాయనాల ఫ్యాక్టరీ ఒకటి వచ్చి నాలుగేళ్ళయింది. నీటిని పరీక్ష చేయించే దారి లేదు, నా చేతిలో రుజువూ లేదు. అయినా నాకు చాలా సిగ్గేసింది.

సాయంత్రం అత్త ఇంటికి పోయాను. ఆమె వల బాగుచేసుకుంటోంది.

"నీ సెయ్యి తప్పు కాదత్తా. నీళ్ళే పాడైనాయి. మగసేపలకే రెక్క నున్నగైపోతన్నాది" అని ఫ్యాక్టరీ సంగతంతా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"మగయి అలాగైపోతే మరి పిల్లలెలా పుడతాయే?" అని అడిగింది.

అత్త వల పక్కన పెట్టింది.

"నా సెయ్యే పోయుంటే బాగుణ్ణు," అంది. "నేనొక్కదాన్నే కదా."