పెట్టె మాట పూర్తికాకముందే

ఆఫీసులో ప్రూఫు చదువుతుంటే కాగితం మీద వెంట్రుక కనిపించింది. ఊదాను, పోలేదు. పేజీ తిప్పితే అక్కడికీ వచ్చింది. నా బట్టతలకు ఇంత ఉదారత ఎక్కడిదా అనుకుంటూ టీ తాగి వచ్చాను. సాయంత్రం ఇంటికి వెళ్ళే మునిర్కా బస్సు నంబరు మీద మసి పూసినట్టు ఉండేసరికి, అది వెంట్రుక కాదని తేలింది.

"షుగర్ ఉందా?" అన్నారు కంటి డాక్టరు.

"బోర్డర్‌లైన్ అండీ."

"ఎప్పటినుంచి?"

"పెళ్ళయినప్పటినుంచి."

నా భార్య సరళ నవ్వలేదు. డాక్టరూ నవ్వలేదు. చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి కంటి లోపల ఫోటోలు తీసే ఫ్లోరెసీన్ యాంజియోగ్రఫీ చేసి, "డయాబెటిక్ రెటినోపతీ. షుగర్ వల్ల కంటి వెనక రెటీనా పొర దెబ్బతింది. ఇంకా ముందే రావాల్సింది," అన్నారు.

లేజర్ సిట్టింగులు పూర్తికాకుండానే రెండు కళ్ళలోనూ విట్రియస్ హెమరేజ్ అయింది. లోపల రక్తం నిండి, కిటికీ ఏ వైపుందో మాత్రం తెలిసేది. "కొన్నాళ్ళు ఆగుదాం. రక్తం క్లియర్ కాకపోతే ఆపరేషన్ చేసి తీసేద్దాం, విట్రెక్టమీ అంటారు. ఈలోగా ఇంట్లో ఊరికే కూర్చోకండి," అంటూ డాక్టరు, చూపులేని పెద్దవాళ్ళకు కంప్యూటర్ నేర్పే ఒక ట్రస్టు గురించి చెప్పారు. సరళ స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి, అన్నం తినకుండానే నన్ను ఆటోలో అక్కడ దింపేది. ఆకలి లేదనేది. నేను నమ్మేవాణ్ణి. నమ్మడం సుఖంగా ఉండేది.

నేర్పే ఆవిడకు పుట్టుకనుంచీ చూపు లేదు. అందరం దీదీ అనేవాళ్ళం. కంప్యూటర్ పక్కనున్న పెట్టె, తెర మీది అక్షరాలను అమెరికా యాసలో ముక్కుతో చదివేది. బాణం మీట నొక్కితే ఒక లైను చదువుతుంది. అది పూర్తిగా విని మళ్ళీ నొక్కాలి. మానిటర్లు మాత్రం ఎప్పుడూ ఆఫ్.

"ఎవరి కోసం వెలగాలి, భయ్యా?" అనేది దీదీ.

పక్క కుర్చీలో అప్పలనాయుడు. శ్రీకాకుళం వైపు మనిషి, ఆర్మీ హవల్దారు, కంటోన్మెంట్ నుంచి వచ్చేవాడు. ఒక పేలుడులో రెండు కళ్ళూ పోయాయి. రోజూ అడిగేవాడు: "ఆపరేషన్ ఎప్పుడంటన్నారు సార్?" నాకు నయమైతే తనకూ అవుతుందని ఆశపడుతున్నాడనుకున్నాను. అడిగి తెలుసుకోలేదు.

రక్తం క్లియర్ కాలేదు. కుడి కంటికి విట్రెక్టమీ చేశాక రెటీనా డిటాచ్ అయి ఊడివచ్చింది. "ఆ కన్ను ఇక రాదు. సారీ," అన్నారు డాక్టరు. భయపడుతూనే ఎడమ కన్ను అప్పగించాను. పట్టీ విప్పి వేళ్ళు చూపించి "ఎన్ని?" అన్నారు.

"మూడు. గోళ్ళు తీసుకోవాలండీ."

సరళ అప్పుడు నవ్వింది. నా దిగులుతో తన ముఖం చిక్కి సగమైపోయింది. అది ఆ రోజే చూశాను.

చెప్పి సెలవు తీసుకుందామనే క్లాసుకు వెళ్ళాను. "ఏమైంది సార్?" అన్నాడు నాయుడు, నేను కూర్చోకముందే.

"ఇంకా మసకే నాయుడూ."

అంత చిన్న అబద్ధాన్ని నిలబెట్టడానికి రోజూ వెళ్ళాల్సి వచ్చింది. పైగా ఒకరోజు, చప్పుడు కాకుండా నా మానిటర్ ఆన్ చేసుకున్నాను. అందరూ చెవులతో తడుముకుంటున్న గదిలో నేనొక్కణ్ణే కాపీ కొడుతున్నట్టనిపించింది. దీదీ నా వేగాన్ని మెచ్చుకుంది. తలవంచుకున్నాను. ఆ గదిలో అది ఎవరికీ అక్కర్లేని వినయం.

క్లాసు అయ్యాక నాయుడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కనిపిస్తంది గదా సార్."

"ఎలా తెలిసింది?" అన్నాను.

"పెట్టె సగం మాటలో ఉండగానే కింద లైనుకి ఎలిపోతన్నారు. మునుపు పూర్తిగా ఇనేవోరు."

"నువ్వు బాధపడతావని..."

"నాది ఆప్టిక్ నర్వ్ సార్, కంటి నరమే పోనాది. ఇంక రాదని ఆస్పత్రిలోనే సెప్పీసినారు. మీకైనా రావాలనే గదా రోజూ అడిగింది." నా చెయ్యి వదిలేసి అన్నాడు, "ఒక్క మంచి కబురుండేది. అది కూడా దాచీసినారు."

దీదీకి నేనే చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "అచ్ఛా. అయితే క్లాసు కోసం ఈ కంప్యూటర్ మాన్యువల్ చదివి క్యాసెట్లో రికార్డు చేసి తీసుకురండి," అంది.

ఇప్పుడు ఇన్సులిన్, ఒక కన్ను, ప్రూఫులు, శనివారం క్యాసెట్లు. వంట నేనే చేస్తున్నాను. సరళ ఆకలి లేదంటే నమ్మడం మానేశాను.

షుగర్ ఉన్నవాళ్ళకు ఒక్క మాట: అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడే వెళ్ళి రెటీనా చూపించుకోండి. డాక్టరు ఏం చెప్పినా, మీ కోసం ఎదురుచూసేవాళ్ళకు ఆ రోజే చెప్పండి.

మొదటి క్యాసెట్ విని నాయుడు అన్నాడు: "మెల్లగా సదవండి సార్. ఇక్కడా తొందరేనా?"