మిగిలిన ఒకటి

భాగహారంలో శేషం వస్తే తప్పు చేశాననుకుని మా పాప దాన్ని రబ్బరుతో చెరిపేసేది. మర్నాడు లెక్కల పరీక్ష, పాపకంటే నాకే ఎక్కువ భయం. పెరంబూరులోని మా ఇంట్లో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నచ్చిన మూడంకెలను రెండుసార్లు వరసగా రాయమన్నాను. 438438 అని రాసింది. ఏడుతో భాగించింది. ఏమీ మిగల్లేదు! వచ్చినదాన్ని పదకొండుతో, ఆపైన పదమూడుతో భాగిస్తే చివరికి 438 తేలింది.

“ఎట్లమ్మా?”

“ఏడూ పదకొండూ పదమూడూ గుణిస్తే వెయ్యిన్నొకటి. 438ని వెయ్యిన్నొకటితో గుణించి చూడు, నీ సంఖ్యే.”

“ఏమ్మే, ఈడ దోసెలు ఆరిపోతా ఉంటే ఆడ లెక్కలా?” అని వంటింట్లోంచి మా అత్తమ్మ కేకేసింది.

పాప వినిపించుకోలేదు. చివరి ఎనిమిదిని తొమ్మిది చేసి, “ఇప్పుడు ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతాది. చెయ్యకుండానే చెప్తుండా!” అంది.

భాగించాను. ఒకటే మిగిలింది. పాపకన్నా ముందు నేనే గంతేశాను.