నేను తోమిన కత్తి

రెండు వేల ఎనిమిదిలో అరబ్బు దేశంలో, ఘుబ్రాలో నేను డ్రైవరుగా చేసిన ఇంట్లో హాలు గోడ నిండా కత్తులే. మా అర్బాబుకు, అంటే యజమానికి, పాత ఆయుధాలంటే ప్రాణం. వాటిలో ఒకటి స్పెయిన్‌ది. పొట్టిగా, వెడల్పుగా, ఇత్తడి పిడితో ఉండేది. వీపు వైపు రంపం పళ్లు. ఎప్పుడో రాజుల కాలంలో అక్కడి దర్జీలు, దుకాణదారులు ఊరి కాపలాకు దళం కట్టినప్పుడు ముందు నడిచి చెట్టూ చేమా కొట్టి దారి చేసేవాళ్ల కత్తి అట. ఇలాంటివి ఎక్కడో ఒకటీ అరా మిగిలాయని అర్బాబు హిందీలో చెప్పేవాడు. దాని మీద మసకబారిన బంగారు అక్షరాలు ఉండేవి. అవి చూస్తేనే అది ఏ దళానిదో తెలిసేదట.

నాకు మాత్రం నల్లబడ్డ ఇత్తడే కనిపించేది. కరీంనగర్ జిల్లాలో మా ఇంట్లో దసరా నాడు గొడ్డలి, కొడవలి తోమి బొట్టు పెట్టనిదే ముద్ద ముట్టం. ఆ దసరాకు అర్బాబు కుటుంబం సూర్‌లో పెళ్లికి వెళ్లింది. ఇంట్లో నేను, వంటా ఊడ్పూ చూసే కడప ఆమె మిగిలాం. ఇంకో ఏడాది చేస్తే రేకుల ఇంటికి స్లాబు పడుతుందని రోజుకోసారైనా అనేది. ఆమెను చింతపండు అడిగి, ఎందుకో కూడా చెప్పాను. నవ్వి గుప్పెడు ఇచ్చింది. ఇసుక కలిపి చెయ్యి నొప్పెట్టేదాకా తోమాను. కత్తి తళతళలాడింది. బొట్టు పెట్టి, మొక్కి, బొట్టు తుడిచి గోడకు తగిలించాను. అక్షరాలు పోయాయన్నది నా మట్టిబుర్రకు తట్టనే లేదు.

అర్బాబు వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు. హాలు తుడిచేది ఆమే గనక ఆమెనే పిలిచాడు. వాకిట్లో కారు కడుగుతూ నేను అంతా విన్నాను. తను చేయలేదంది. మరెవరని అడిగితే నా పేరు ఎత్తలేదు. ఉద్యోగం పోతుందని, అతని వస్తువుకు మొక్కానని తెలిస్తే ఇంకేమవుతుందోనని లోపలికి వెళ్లలేదు. కడిగిన టైర్లనే మళ్లీ కడిగాను. ఆమెను ఊరికి పంపించేస్తున్నట్టు అర్బాబు చెప్పేశాడు.

నాలుగో రోజు పొద్దున ఆమెను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే డ్యూటీ నాకే పడింది. సగం దారిలో నేనే అడిగాను.

"ఆ రోజు నా పేరెందుకు చెప్పలె చెల్లె?"

"నువ్వే వచ్చి చెప్తావనుకుంటిని అన్నా."

ఆ మాటలో కోపం లేదు. తిట్టినా బాగుండేది. ఎదురుగా రౌండెబౌట్ వచ్చింది. ఫ్లైట్‌కు ఇంకా మూడు గంటలుంది, అర్బాబు ఇంట్లోనే ఉన్నాడు. అక్కడ కారు తిప్పితే పావుగంటలో ఇల్లు. నేను ఎయిర్‌పోర్టు వైపే పోనిచ్చాను.