అవ్వకు చెప్పిన పొగగొట్టం

నా చిన్నప్పుడు నలుగురిలో నోరు తెరవాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. ఆదివారం చర్చిలో వాక్యం చదవమంటారేమోనని అమ్మ చాటున ఒదిగి కూర్చునేదాన్ని. మాది ముత్తుకూరు దగ్గర పల్లె. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, డిగ్రీ చదువుకు ఒక ట్రస్టువాళ్లు స్కాలర్‌షిప్ ఇస్తున్నారని తెలిసింది. ముందు సొంత ఊరి గురించి వ్యాసం పంపాలి, నచ్చితే ఇంటర్వ్యూకు పిలుస్తారు. అది రాకపోతే నా చదువు అక్కడితో సరి. నాన్న అప్పటికే రొయ్యల కంపెనీలో నా పని గురించి మాట్లాడి వచ్చాడు.

పక్కింటి అక్క బీఎస్సీ చదివింది. నా వ్యాసం ఆమెకు చూపించాను. గైడులోంచి ఏరి తెచ్చిన పెద్ద పెద్ద మాటలతో నింపాను దాన్ని. అక్క అది చదివి నా చేతికే తిరిగి ఇచ్చింది. మంచం మీదున్న వాళ్ల అత్తగారికి చదివి వినిపించమంది. ఆ అవ్వకు చాలా ఏళ్ల కిందటే చూపు పోయింది. నేను రెండో పేజీకి వచ్చేసరికి అవ్వ గురక పెడుతోంది. నాకు ఏడుపొచ్చింది. అక్క నవ్వింది.

మర్నాడు సాయంత్రం నన్ను మళ్లీ అవ్వ పక్కనే కూర్చోబెట్టింది. "అత్తా, కరెంటు ఫ్యాక్టరీకి పొగగొట్టం కట్టినారు గదా. ఈ పాప దినామూ దాని పక్కనే కాలేజీకి పొయ్యొస్తాది. అడుగు" అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అవ్వకు చూపు పోయాక లేచింది ఆ పొగగొట్టం. చాలా ఎత్తు అన్నాను.

"చాలా అంటే నాకేం తెలుస్తాది పాపా? నేను చూసినవాటితో చెప్పు."

తాటిచెట్టు మీద తాటిచెట్టు ఓ పది నిలబెట్టినట్టు ఉంటుందన్నాను. అవ్వ మెల్లగా మొహం పైకెత్తింది, నిజంగానే దాని కొసను వెతుకుతున్నట్టు. ఆ తర్వాత నన్ను వదల్లేదు. పైన ఎర్ర లైటు ఎందుకు, పొగ ఎటు పోతుంది, అంత పైకి సిమెంటు ఎట్లా చేర్చారు? కొన్నిటికి నాకు జవాబు తెలియలేదు. కనుక్కొని రమ్మంది. క్లాసులో ఎన్నడూ గొంతు విప్పని నేను, అవ్వ కోసం ఫిజిక్సు సారును ఆపి మరీ అడిగాను. అట్లా చాలా సాయంత్రాలు గడిచాయి. "ఇప్పుడు ఈమెకు చెప్పినట్టే రాయి" అంది అక్క. పాత వ్యాసం పక్కన పెట్టి కొత్తది రాశాను.

ఇంటర్వ్యూ గదిలో బల్లకు అవతల ముగ్గురున్నారు. నా పేరు నాకే వినబడనంత మెల్లగా చెప్పాను. అందులో పెద్దాయన నా వ్యాసం చేతిలో పట్టుకొని, ఆ పొగగొట్టం తానెప్పుడూ దగ్గరగా చూడలేదన్నాడు. ఆ మొహంలో తెలుసుకోవాలన్న ఆశ కనిపించింది. "తాటిచెట్టు చూసినారా సార్?" అని అడిగేశాను. వాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. అక్కణ్నుంచి మాట ఆగలేదు. ఏం చదువుతావంటే, అవ్వ అడిగినవాటిలో ఇంకా జవాబు దొరకనివి ఉన్నాయి, ఫిజిక్సు చదువుతానన్నాను.

స్కాలర్‌షిప్ వచ్చింది. ఇప్పుడు నేనూ కాలేజీలో పాఠం చెబుతున్నాను. బిడియపడే పిల్లలు ఇంటర్వ్యూలకని నా దగ్గరికి వస్తే, భయపడొద్దని చెప్పను. భయం చెబితే పోయేది కాదు. వాళ్లకు తెలిసి నాకు తెలియనిది ఏదో ఒకటి వెతికి అడుగుతాను. మొన్న తడ నుంచి వచ్చిన అమ్మాయి తల వంచుకొని కూర్చుంటే, వాళ్లమ్మ వలకు పడిన చిరుగు ఎట్లా అల్లుతుందో చెప్పమన్నాను. మొదట చేతులతో గాలిలో చూపించింది. నాకు అర్థం కాలేదన్నాను, నిజంగానే కాలేదు. అప్పుడు ఆ పిల్ల తలెత్తి, కుర్చీ నా వైపు జరుపుకొని, మొదటి ముడి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.