తినే చెయ్యి, కాల్చే చెయ్యి

వేటకు వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు కొనాల్సింది తుపాకీ కాదు, బూట్లు. కొన్నాక వాటిని పెట్టెలో దాచుకోకూడదు. బయల్దేరేనాటికి అవి పాతబడి, పాదానికి అలవాటుపడి ఉండాలి. కొత్త బూట్లతో అడవికి వెళ్ళినవాడు మొదటిరోజే బొబ్బలు తెచ్చుకుని, మిగతా రోజులు గుడారంలో కూర్చుంటాడట. ఇది నాకు చెప్పింది మా బాబా. అందుకే ఆ నెలంతా తెల్ల యూనిఫాం కింద మట్టిరంగు బూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్ళాను.

బాబా అంటే మా నాన్న కాదు. మస్కట్‌లో అజైబా వైపు ఒక పెద్దింట్లో నేను హోమ్ నర్సుని. డెబ్బై దాటిన ఒమానీ పెద్దాయన ఒకరికి బీపీ, షుగరు, మందులు, నడక చూసుకోవడం నా పని. ఇంట్లో పనిచేసేవాళ్ళమంతా ఆయన్ని బాబా అనేవాళ్ళం. ఆయన నన్ను సిస్టర్ అనేవారు. కోపం వస్తే అదీ అనేవారు కాదు, వేలు చూపించేవారు. నాతో ఆయన మాట్లాడేది ఇంగ్లీషు, మధ్యమధ్య అరబ్బీ, దుకాణాల్లో పట్టుబడిన కాస్త హిందీ. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

మాది నర్సాపురం దగ్గర. మస్కట్‌లోనే రూవిలో నలుగురు నర్సులం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. పొద్దున్నే ఆ ఇంటి డ్రైవరు వచ్చి నన్ను తీసుకెళ్ళేవాడు. అతనిది కడప. ఇంట్లో ఉర్దూ, నాతో మాత్రం తెలుగు. బూట్లు వేసుకున్న మొదటిరోజు నా కాళ్ళు చూసి కారు తలుపు తీయడం కూడా మరిచిపోయాడు.

"ఏంది సిస్టరమ్మా, మిలిట్రీలో చేరినావా?"

"ఆఫ్రికా వెళ్తున్నాం కదా అన్నా, అలవాటు చేసుకుంటన్నాను."

"ఇంగా టికెట్టే రాల్యా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాది నీ యవ్వారం."

అతను అన్నదాంట్లో తప్పేం లేదు. కానీ ఆ ఇంట్లో అందరి పరిస్థితీ అంతే. టాంజానియాలో వేటకు వెళ్తున్నామని పెద్దకొడుకు మాట ఇచ్చిన రోజునుంచీ బాబా అరుగు మీద కూర్చుని అడవిలో ఉన్నట్టే మాట్లాడేవారు. ఆయన పుట్టింది అక్కడే. ఒమాన్ వాళ్ళలో చాలామందికి ఆ ఆఫ్రికా తీరంతో చుట్టరికం ఉంది. వాళ్ళ నాన్నకు లోపలి ఊళ్ళో ఒక కొట్టు ఉండేదట. తుపాకులు పట్టుకొచ్చిన దొరలు అక్కడ ఆగి పంచదార, టీ ఆకు, తూటాలు కొనుక్కుని అడవిలోకి వెళ్ళేవారట. వాళ్ళతో వెళ్తానని ఈయన అడగని రోజు లేదు, నాన్న పంపిన రోజూ లేదు. పడుచుతనంలో ఒమాన్ వచ్చేశాక వాదుల్లో, అంటే ఎండిన వాగుల్లో, డబ్బాలు నిలబెట్టి కాల్చడం తప్ప వేటకు మాత్రం వెళ్ళలేదు. అంటే, డెబ్బై దాటాక ఇదే మొదటిసారి.

వీడియో కాల్‌లో అక్కడి వేట గైడుతో స్వాహిలీలో మాట్లాడేటప్పుడు బాబా గొంతే మారిపోయేది. ఆ నవ్వు నేను మందులిచ్చే ఏ పూటా చూడలేదు. మాట్లాడటం అయ్యాక నాకూ కొడుక్కీ విడమరిచి చెప్పేవారు. సామాను మెత్తటి సంచుల్లోనే సర్దాలి, చిన్న విమానంలో గట్టి పెట్టెలు పట్టవు. బట్టలు మూడు జతలు చాలు, క్యాంపులో రోజూ ఉతికిపెడతారు. రంగులు మట్టివీ ఎండుగడ్డివీ అయితే మంచిది. నీలం, నలుపు వద్దు, కుట్టే ఈగలు ఒకరకం ఆ రంగులు చూసే వస్తాయట. మిలిటరీ మచ్చల బట్టలు అసలే వద్దు, విమానాశ్రయంలోనే ఆపేస్తారు. అప్పటికే కొడుకు ఆ మచ్చలవే ఇద్దరికీ సరిపడా కొనేశాడు. డ్రైవరు మళ్ళీ దుకాణానికి వెళ్ళి తిరిగిచ్చి వచ్చాడు.

నేను నా వంతు సర్దుకున్నాను. ఇన్సులిన్‌ని రెండు చల్లని సంచుల్లో విడివిడిగా పెట్టాను, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. మందులన్నీ వాటి అట్టపెట్టెల్లోనే ఉంచి, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టాను. మలేరియా మాత్రలు గుండె మందులతో పడేవి ఏవో డాక్టరునే అడిగి రాయించాను. నాకు వేట మీద పెద్ద గౌరవం లేదు. మా వైపు చేపలు పట్టేవాళ్ళు కూడా కడుపు కోసమే పడతారు, సరదాకి కాదు. ఆ మాట ఒకసారి బాబాతోనే అన్నాను. "నువ్వు చేప తలకాయ ఎంత సరదాగా తింటావో నేను చూశాను," అన్నారు. 

గైడు జింక బొమ్మ ఒకటి పంపాడు. పక్కనుంచి చూస్తే గుండె ఎక్కడుంటుందో ఎర్రచుక్కతో గుర్తు పెట్టాడు. బాబా దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించారు, సరిగ్గా నేను ఆయన షుగరు రాసే కాగితం పక్కన. తూటా ఆ చుక్కకే తగలాలి. అటూ ఇటూ తగిలి గాయంతో పారిపోయిన జంతువుని సాయంత్రం దాకా వెతికి తీరాలి. నమ్మకం లేకపోతే కాల్చనే కూడదు. గైడు అన్నిటికంటే గట్టిగా చెప్పింది అదే. బాబా ఆ మాట మాకు చెప్పేటప్పుడు ఖురాన్ సూరా చదువుతున్నంత నిదానంగా చెప్పారు.

ఇంకో మాట కూడా చెప్పాడు. అడవిలో బల్ల ఉండదు. మూడు కర్రలు పైన కట్టి, కాళ్ళు చాపి నిలబెడతారు, తుపాకీ దానిమీద ఆనించి నిలబడి కాల్చాలి. అందుకని ఇంటిదగ్గర రోజూ అలాగే సాధన చెయ్యమన్నాడు. డ్రైవరు ఘాలాలో తనకు తెలిసిన గ్యారేజీకి వెళ్ళి సన్నటి పైపులు మూడు చేయించుకొచ్చాడు. మధ్యలో మర తిప్పితే ఒక్కొక్కటీ రెండు ముక్కలయ్యేది. పైన కట్టడానికి పాత టైరు ట్యూబులోంచి కోసిన రబ్బరు. చూడ్డానికి గేదెల పాకకు వేసిన గుంజల్లా ఉన్నాయి, కానీ గట్టిగా నిలబడ్డాయి.

తుపాకీ లైసెన్సు కాగితాలతో పాటు కొడుకు దగ్గరే ఉంది. అందుకని బాబా తన చేతికర్రనే తుపాకీ అనుకున్నారు. వాకిట్లో ఖర్జూరం చెట్టుకి జింక బొమ్మ కట్టాం. ఊపిరి సగం వదిలి, ఆపి, మెల్లగా వేలు నొక్కాలి. ఊపిరి లెక్క నా వంతు. ఆయన బిస్మిల్లా అని, కర్ర ఎత్తి మూడు కాళ్ళ మీద ఆనించి, రెండో కొసని ఎడమ భుజానికి నొక్కిపెట్టి, ఎడమ కన్నుతో చెట్టువైపు చూశారు.

నాకు ఊపిరి లెక్క తప్పింది.

రెండేళ్ళ కిందట బాబా గుండెకి పేస్‌మేకర్ పెట్టారు. ఆయన దాన్ని బ్యాటరీ అంటారు. అది ఎడమవైపే, కాలర్ ఎముక కింద, చర్మంలోంచి అగ్గిపెట్టెలా తెలుస్తుంది. వాడకం తక్కువున్న చేతివైపే పెడతారు కాబట్టి, ముందే డాక్టరు మీది కుడిచేతివాటమేనా అని అడిగారు, బాబా అవునన్నారు. తినేది కుడిచేత్తో, సంతకం కుడిచేత్తో. ఈ ఊళ్ళో ఎడమచేత్తో తినే పెద్దమనిషి ఎక్కడ దొరుకుతాడు? మొన్న వేటకు వెళ్ళొచ్చని రాసిచ్చేటప్పుడూ ఆయన అదే అడిగారు, ఈయన అదే చెప్పారు. తుపాకీ పేలితే వెనక్కి తన్నేది భుజాన్ని. ఎడమ భుజమైతే ఆ తాపు నేరుగా బ్యాటరీ మీదే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. లోపలి తీగ తెగితే అడవిలో ఎవరేం చేస్తారు?

"బాబా, ఎప్పుడూ ఎడమ భుజానికేనా?"

"చిన్నప్పట్నుంచీ."

"డాక్టరుకి కుడి అని చెప్పారు కదా."

"తినే చెయ్యి అడిగాడనుకున్నాను. కాల్చే చెయ్యి ఎవరూ అడగలేదు."

నేను వెళ్ళి ఆ ఎత్తు మీద వేలు పెట్టాను. కర్ర కొస సరిగ్గా అక్కడే ఉంది. ఆయనకు అర్థమైంది. ఎడమచేత్తో తినబోతే దెబ్బలు కొట్టి మాన్పించారట, తుపాకీ దగ్గర మాత్రం ఎవరూ పట్టించుకోలేదట. కర్రని మూడు కాళ్ళ మీదనుంచి దించారు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు చూశావు, నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు," అన్నారు.

నాకు కక్కలేని మింగలేని పరిస్థితి. చెబితే ఆయన వేట పోతుంది. చెప్పకపోతే, ఏదైనా అయితే, నేను నర్సుని. అది గురువారం. మర్నాడు శుక్రవారం, ఇక్కడ సెలవు ఆరోజే కాబట్టి చర్చీ ఆరోజే. వెళ్ళి కూర్చున్నాను గానీ ప్రసంగం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఫ్లాట్‌లో మిగతా ముగ్గురూ ఒకే మాట అన్నారు: చెప్పెయ్. వాళ్ళకేం, బూట్లు కొన్నది నేను. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే చిరాకేసింది. శనివారం పొద్దున్నే ముందు బాబాకి చెప్పి, తర్వాత ఆయన ఎదురుగానే కొడుక్కి చెప్పాను. సాయంత్రానికి డాక్టరు మాట వచ్చింది. ఎడమ భుజానికి తుపాకీ వద్దే వద్దు. వేట కోసం బ్యాటరీని కుడివైపుకి మార్చడం కూడా జరిగే పని కాదు.

బాబా వారం రోజులు నా చేత్తో మందు తీసుకోలేదు. మాత్రలు బల్ల మీద పెట్టి నేను పక్కకు జరిగాకే వేసుకునేవారు. నాకు బాధనిపించింది, ఆయనకు తెలిసేలా కాదు. ఆ తర్వాత ఒక పొద్దున ఆయనే కర్ర తీసుకుని కుడి భుజానికి పెట్టారు. మళ్ళీ ఊపిరి లెక్క మొదలుపెట్టాం. మాటలు లేవు, అంకెలే.

డాక్టరు కుడికి ఒప్పుకున్నాక కొడుకు ఊరి బయట షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను, బీపీ మిషను పట్టుకుని. బాబా కుడికన్ను షుగరు వల్ల ఎప్పుడో మసకబారింది. కుడి భుజానికి పెడితే చూడాల్సింది ఆ కన్నుతోనే. మొదటి తూటా కాగితానికి తగల్లేదు. రెండోది అంచుకి తగిలింది. మూడోది జింక పొట్టలో దిగింది. ఆయన ఆ మూడో రంధ్రం దగ్గరకు నడిచివెళ్ళి వేలితో తడిమారు. పొట్టలో తగిలిన జింక ఎంతదూరం పరిగెడుతుందో గైడు చెప్పిందే ఆయన మాకు చెప్పారు కదా. తిరిగొచ్చి తుపాకీ కొడుక్కిచ్చి, "ఖలాస్," అన్నారు. కొడుకు ఇంకోసారి ప్రయత్నించమన్నాడు. "నువ్వు కాల్చు, నేను చూస్తాను," అన్నారు.  తిరుగుదారిలో డ్రైవరు కూడా ఏ సామెతా చెప్పలేదు.

ఇంటికి వచ్చాక బాబా నావైపు వేలు చూపించారు. "ఈ కళ్ళు నాతో రావద్దు."

నా బదులు ఒక మలయాళీ మేల్ నర్సు వెళ్ళాడు. సంచి మాత్రం నేనే సర్దాను, ఏది ఎక్కడుందో ఇంకెవరికీ తెలియదు మరి. ఇన్సులిన్ రెండుచోట్ల పెట్టాను. నీలం అంచు ఉన్న ఇంటి లుంగీ తీసేసి గోధుమరంగుది పెట్టాను. ఘాలా పైపులు చూసి, "అవి అక్కర్లేదు," అన్నారు బాబా. సరేనన్నాను. ఆయన నమాజుకి లేచాక మరలు విప్పి, ఆరు ముక్కలూ లుంగీలో చుట్టి సంచి అడుగున పెట్టేశాను. ఎందుకు పెట్టానో నాకూ సరిగ్గా తెలియదు. ఆయన అన్నేళ్ళు ఎదురుచూసిన చోటికి చేతికర్ర ఒక్కటీ పట్టుకుని పోవడం నాకు నచ్చలేదు.

వాళ్ళు వెళ్ళిన పది రోజులూ, నన్ను ఆ ఇంటికి పంపిన ఆసుపత్రిలోనే నాకు డ్యూటీ వేశారు. బూట్లు అక్కడికే వేసుకెళ్ళాను. కొన్నవి పారేస్తామా? కారు లేదు కాబట్టి బస్సు. దోవలో డ్రైవరు ఫోన్ చేసి, "ఏం సిస్టరమ్మా, బూట్లు ఆఫ్రికాకి పోయినాయా లేదా?" అనేవాడు. నవ్వేదాన్ని గానీ, బాబా మీద బెంగగా ఉండేది. షుగరు పడిపోయే ముందు ఆయన చెవి వెనక చెమట పడుతుంది. ఆ సంగతి మలయాళీ అతనికి చెప్పానా లేదా అని పదేపదే అనిపించేది.

తిరిగొచ్చిన మర్నాడు వెళ్ళాను. బాబా నల్లబడి, కాస్త చిక్కి, అరుగు మీద కూర్చుని ఉన్నారు. కొడుకు రెండు జింకల్ని కొట్టాడట, రెండూ ఒక్కొక్క తూటాకే. బీపీ పట్టీ చుడుతుంటే చెయ్యి లాక్కోలేదు. సంచి లోపల పైపులు ఎవరు పెట్టారని అడిగారు.

"నేనే."

"అక్కర్లేదన్నాను కదా."

"అన్నారు."

పట్టీ గాలి దిగేదాకా ఆగారు. కొడుకు గుడారంలో నిద్రపోతున్న ఒక పొద్దున, ఆ పైపులు గైడు భుజాన వేయించి, అతనితో కలిసి నీళ్ళ దగ్గరకు నడిచారట. మెలికల కొమ్ముల పెద్ద మగజింక ఎదురుగా నిలబడింది, కొమ్మనుంచి కొమ్మకు కాకి ఎగిరేంత దూరంలో. గైడు దగ్గర తుపాకీ ఉంది, ఇవ్వబోయాడట. బాబా తల అడ్డంగా ఊపి, మన పైపులు నిలబెట్టమన్నారట. వాటి మీద చేతికర్ర ఆనించి, బిస్మిల్లా అని, నేను నేర్పినట్టే ఊపిరి సగం వదిలి ఆపారట. జింక చాలాసేపు ఈయన్నే చూసిందట. చుక్క ఎక్కడుండాలో సరిగ్గా అక్కడే కనిపించిందట.

"తర్వాత?"

"తర్వాత దాని దారిన అది వెళ్ళింది. గాయం లేదు. దానికీ లేదు, నీ బ్యాటరీకీ లేదు." అని, ఎడమ భుజం మీద అరచెయ్యి వేసుకున్నారు. "కానీ సిస్టర్, కర్ర పెట్టింది ఇక్కడే. వెళ్ళు, వెళ్ళి డాక్టరుకి చెప్పుకో."

ఈసారి నేను ఎవరికీ చెప్పలేదు.