అరచేతిలో టైము

మా ఫైర్ స్టేషన్ డ్రైవరన్నకు ఒక అలవాటుండేది. మంట దగ్గరికి చేరగానే "ఎన్ని గంటలకు అంటుకున్నది?" అని అడిగి, ఆ టైము అరచేతిలో రాసుకునేవాడు.

రిజిస్టర్ రాసేది నేను. మా లెక్క బండి గేటు దాటినప్పటి నుంచే మొదలయ్యేది.

ఒకరోజు బీర్కూర్ వైపు తండా నుంచి ఫోనొచ్చింది. ట్యాంకు నింపుకుని బయల్దేరడానికే అరగంట పట్టింది. మేం చేరేసరికి ఒక అవ్వ గుడిసె బూడిదైంది. అయినా గేటు నుంచి లెక్కేసి, జాతీయ ప్రమాణంగా పెట్టిన నిమిషాల లోపే చేరామని రాశాను.

అన్న అరచేయి చాపాడు. "గీ టైము రాయి."

"గేటు దాటినంకనే లెక్క గదన్నా."

"మంటకు మన గేటు ఎరుకనా తమ్మీ?"

ఆ ఏడు, మంటల దగ్గరికి టైముకు చేరుతున్నందుకు మా స్టేషన్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. అన్న మాత్రం పిడికిలి విప్పలేదు.