కువైట్‌లో చెల్లే బడి వెతుక్కుంటూ: ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా

మా వీరపునాయునిపల్లెలో పక్కింటి మహబూబ్బీ అక్క కూతురు నస్రీన్ ఐదో తరగతి ముగిస్తోంది. అక్క భర్త కువైట్‌లో డ్రైవరు. ఈ వేసవికి వచ్చేస్తానన్న మనిషి, పాపను ప్రొద్దుటూరులో ఇంటర్నేషనల్ స్కూల్లో వేసేటట్టయితే ఫీజుల కోసం ఇంకో రెండేళ్లు అక్కడే ఉంటానన్నాడు. మేకలు కాసుకునే మా ఇంట్లో మొదట బడికి వెళ్లింది నేనే. ఇప్పుడు పులివెందులలో బీఎడ్ చదువుతున్నాను. అందుకే ఏ బడి మేలో చూసి చెప్పమని అక్క పాపతో పాటు నన్నూ వెంటబెట్టుకుంది. సాయంత్రానికి నేను హాస్టల్ చేరాలి కాబట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్లూ ఒకే రోజు పెట్టుకున్నాం.

ఏప్రిల్ కదా, ఒంటిపూట బడులు. పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కి ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు చేరాం. ఆధార్ చూపిస్తే ఆ బస్సుల్లో ఆడవాళ్లకు డబ్బులు అక్కర్లేదు. కారం దోశలు తిని, మనిషికి ఇరవై చొప్పున ఆటో మాట్లాడుకున్నాం. ఇంటర్నేషనల్ స్కూలుకు పోవాలనగానే డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

“యాది మా? లిఫ్టు ఉండేదా, గుర్రం ఉండేదా?”

“గుర్రం ఏందప్పా?” అంది అక్క.

“సవారీ నేర్పిస్తారంట. దానికి గడ్డి ఏసేది మా మామే.”

మేం వెళ్లింది లిఫ్టు ఉన్నదానికి. బడి నిజంగా బాగుంది. ఒక కుర్ర మాస్టారు కాగితాలు మడిచి భిన్నాలు చెబుతుంటే, పిల్లలు బెరుకు లేకుండా ఇంగ్లీషులో ఎదురు ప్రశ్నలు వేస్తున్నారు. డిగ్రీలో కూడా నాకు లేని ధైర్యం అది. ఆఫీసులో ప్రిన్సిపాల్‌ను అక్క నేరుగా అడిగింది: “ఈడ చదివితే సర్టిఫికెట్టు కువైట్‌లో చెల్లుతాదా సార్? ఇంటర్నేషనల్ అని రాసినారు గదా.”

ఆయన నవ్వలేదు. “అది పేరు మా. పరీక్ష మాత్రం మన రాష్ట్రంలో అందరు పిల్లోళ్లూ రాసేదే.”

మెట్లు దిగుతూ అక్క, “పేరుకు రెండేండ్లా” అని గొణుక్కుంది.

అక్కడి నుంచి జమ్మలమడుగు ముప్పావు గంట. ఆ ఊళ్లో అక్క చెల్లెలు ఉంది, వాళ్లింటి దగ్గరే ప్రభుత్వ హైస్కూలు. సైన్స్ మేడం మమ్మల్ని తరగతిలోనే కూర్చోబెట్టి పుస్తకం చేతికిచ్చారు. ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ అదే పాఠం తెలుగులో. నస్రీన్ ఇటు చదువుతుంటే, నాలుగో తరగతిలో బడి మానేసిన అక్క అటు వేలు పెట్టి కూడబలుక్కుంది. నస్రీన్ ‘ఫోటోసింథసిస్’ దగ్గర ఆగింది. అక్క ‘కిరణజన్య సంయోగక్రియ’ దగ్గర ఆగింది.

“నీకూ రాల్యా, నాకూ రాల్యా. ఇద్దరం నేర్చుకుందాంలే” అంది అక్క. తరగతంతా నవ్వింది. లెక్కల మాస్టారు బదిలీ అయ్యారని, ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉందని మేడం మా దగ్గర దాచలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

చెల్లెలి ఇంట్లో అన్నం తిన్నాక, నన్ను హాస్టల్లో దించి పోతామని వాళ్లిద్దరూ వచ్చారు. ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి నాలుగు దాటింది. బస్టాండులో కువైట్ నుంచి బావ వీడియో కాల్ చేస్తే ఫోను నేనే ఎత్తాను.

“ఏం పాపా, యాది మేలు?”

“రెండు చోట్లా బాగా చెప్తాండారు బావా. జమ్మలమడుగులో లెక్కలకే ఎవురూ లేరు” అన్నాను.

“మరింకేంది, ప్రొద్దుటూరులోనే కట్టేద్దాం.”

అక్క ఫోను తీసుకుంది. “లెక్కల్లో నువ్వు గట్టి అంటావు గదా. వచ్చి చెప్పు.”

ఆయన నస్రీన్‌ను పిలిచి, పదమూడో ఎక్కం వచ్చా అని అడిగాడు.

ప్రపంచీకరణ, ప్రైవేటీకరణ నాకు పరీక్షలో రాసే మాటలు. ఆ రోజు వాటిని దారిపొడవునా చూశాను. కువైట్ జీతం ప్రొద్దుటూరులో ఫీజవుతోంది. అక్కడి పిల్లలకు ఇంగ్లీషంటే భయం పోయింది. సర్కారు బడి కూడా కొత్త పుస్తకం తెచ్చుకుంది. అవన్నీ నేను మెచ్చుకుంటాను. కానీ తల్లి కూడా పక్కన కూర్చుని చదవగలిగే బడిని ఇంకాస్త ఎక్కువ మెచ్చుకుంటాను.

బడులు చూడబోయేవాళ్లకు ఒక మాట: ఏప్రిల్‌లో అయితే పదకొండు లోపే చేరుకోండి. పాపనూ వెంట తీసుకెళ్లి, ఒక పాఠం అయ్యేదాకా తరగతిలో కూర్చోండి.